గొంతును కూడా సరిచూసుకోవలసిన రోజులు

మా అమ్మ పెద్దగా చదువుకోకపోయినా, ఫోనులో మైకు గుర్తును నొక్కి తెలుగులోనే అడిగి తనకు కావలసిన ప్రవచనాన్నో, ఆవకాయ కొలతలనో వెదుక్కుంటుంది. 1995 ఆగస్టు 15న మన దేశంలో సామాన్యులకు ఇంటర్నెట్ అందుబాటులోకి వచ్చిన రోజుల్లో, ఎస్టీడీ బూత్‌లో మీటరు వంక చూస్తూ ముక్తసరిగా మాట్లాడుకున్న కుటుంబం మాది. 2016లో జియో రాకతో డేటా చౌకయ్యాక, అమెరికాలో ఉన్న తమ్ముడు రోజూ వీడియో కాల్‌లో కనిపిస్తున్నాడు. ఫోనును పోపుల డబ్బాకు ఆనించి అమ్మ ఇక్కడ రాత్రి వంట చేసుకుంటుంటే, అక్కడ వాడు ఆఫీసుకు తయారవుతుంటాడు. ఇద్దరూ పెద్దగా మాట్లాడుకోరు. మాటలు తగ్గిపోయాయని కొందరు వాపోతారు గానీ, ఒకే ఇంట్లో ఉన్నవాళ్లు మాత్రం పొద్దస్తమానం మాట్లాడుకుంటారా?

నన్ను కలవరపెడుతున్నది రాబోయే కాలం. కొద్ది సెకన్ల రికార్డింగు దొరికితే చాలు, కృత్రిమ మేధ మనిషి గొంతును అచ్చంగా దించేస్తున్నది; తమ్ముడి గొంతుతో ఎవరైనా ఏడుస్తూ డబ్బు అడిగితే అమ్మ ఆగుతుందా? అందుకే అలాంటి ఫోను వస్తే ముందుగా అడగవలసిన ప్రశ్న ఒకటి మొన్న ముగ్గురం అనుకున్నాం. ఆ తర్వాత ఫోను పెట్టేసి వాడి నంబరుకు మనమే తిరిగి చేయాలని, ఒకవేళ డబ్బు పోతే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల సహాయ నంబరు 1930కి ఫిర్యాదు చేయాలని గోడమీది క్యాలెండరుపై రాసిపెట్టాం. కన్నకొడుకును పరీక్షించడమేమిటని అమ్మ మొదట నొచ్చుకుంది గానీ, ప్రశ్నను మాత్రం తనే ఎంచుకుంది. అది మా చిన్ననాటి దెబ్బలాటకు సంబంధించినది. దాని జవాబు విషయంలో నాకూ తమ్ముడికీ ఇప్పటికీ ఏకాభిప్రాయం లేదు.