‘ఫెయిర్’ ఒక్కటే మాట, ప్రశ్నల్లో అర్థాలు మాత్రం అయిదారు: వొకాబులరీ చదివేవాళ్లకు

ఎస్‌ఎస్‌సీకో బ్యాంకు పరీక్షకో చదివే ఎవరి నోట్సు తీసినా ‘ఫెయిర్’ ఎదురుగా కనిపించేవి ఇవే: జస్ట్, ఇంపార్షియల్, ఈక్విటబుల్, అన్‌బయస్డ్. నాలుగూ సరైనవే. కానీ ‘ది రిపోర్ట్ గివ్స్ ఎ ఫెయిర్ ఐడియా ఆఫ్ ది డ్యామేజ్’ అనే వాక్యం వస్తే నాలుగింట్లో ఒక్కటీ అతకదు. ఇక్కడ ఫెయిర్ అంటే ‘నిష్పాక్షికమైన’ కాదు, ‘ఓ మాదిరిగా సరిపడా’. నష్టం ఎంతో చాలావరకు అంచనాకు వస్తుందని భావం. ఆప్షన్లలో రీజనబుల్, అన్‌బయస్డ్ పక్కపక్కనే ఉంటే, నోట్సు బట్టీ పట్టిన అభ్యర్థి చెయ్యి అన్‌బయస్డ్ మీదకే పోతుంది. తెలియని మాటైతే వదిలేసే వీలుంది. తెలుసనుకున్న మాట దగ్గరే మార్కు పోవడం, దాని మీద మైనస్ పడడం జరుగుతుంది.

ఈ అర్థాలు ఎలా పుట్టాయో ఒక్కసారి చూస్తే బట్టీ అవసరం చాలా తగ్గుతుంది. పాత ఇంగ్లీషులో ఈ మాటకు మొదటి అర్థం ‘అందమైన’. అందం నుంచి ‘మచ్చలేని, తేటగా ఉన్న’ అనే భావం వచ్చింది. మబ్బులేని వాతావరణం ఫెయిర్ వెదర్, కొట్టివేతలు లేని రాత ఫెయిర్ కాపీ. బళ్లో రఫ్ నోట్సు, ఫెయిర్ నోట్సు అని మనం వాడేది ఈ అర్థంలోనే. నడవడికలో మచ్చ లేకపోతే అది న్యాయం, నిజాయితీ: ఫెయిర్ ప్లే, ఫెయిర్ ట్రయల్. అందాన్ని తెల్లని ఒంటిరంగుతో ముడిపెట్టడం వల్ల పదహారో శతాబ్దం నాటికి ‘తెల్లని’ అనే అర్థం కూడా చేరింది. పెళ్లి ప్రకటనల్లో ఇప్పటికీ నడుస్తున్నది అదే. 2020లో హిందుస్థాన్ యూనిలీవర్ తన ఫెయిర్ అండ్ లవ్లీ క్రీము పేరును గ్లో అండ్ లవ్లీగా మార్చింది ఈ అర్థం మీద వచ్చిన అభ్యంతరాల వల్లే. ఆడవాళ్లు అనే అర్థంలో వాడిన ‘ది ఫెయిర్ సెక్స్’ అనే పాత పలుకుబడి చదివి అర్థం చేసుకోవడానికే. డిస్క్రిప్టివ్ పేపర్లో అది రాయకండి.

అన్నిటికన్నా ఎక్కువ పొరపాట్లు జరిగేది ‘మధ్యరకం’ అనే అర్థంలో. ఎక్సలెంట్, వెరీ గుడ్, గుడ్, ఫెయిర్, పూర్ అనే వరసలో ఫెయిర్ స్థానం కింది నుంచి రెండోది. అంటే అది మెచ్చుకోలు కాదు. అమెరికా వెళ్లిన మన విద్యార్థులకు ఇది రెండు చోట్ల ఎదురవుతుంది. అప్పు తీర్చే తీరును బట్టి ఇచ్చే ఫైకో క్రెడిట్ స్కోరు 580 నుంచి 669 మధ్య ఉంటే దాన్ని ఫెయిర్ అంటారు, అంటే గుడ్ కన్నా ఒక మెట్టు కింద. పాత కారు ప్రకటనలో ఫెయిర్ కండిషన్ అని ఉంటే బాగు చేయించుకోవాల్సిన పని ఉందనే లెక్క. రీడింగ్ కాంప్రహెన్షన్‌లో రచయిత వైఖరి అడిగే ప్రశ్నల్లో ఈ తేడా పట్టుకోవాలి.

‘ఫెయిర్ ప్రైస్’ దగ్గర తెలుగు మనల్ని కొంచెం తప్పుదారి పట్టిస్తుంది. ఫెయిర్ ప్రైస్ షాప్‌ను మనం చౌక ధరల దుకాణం అంటాం కాబట్టి ఫెయిర్ అంటే చౌక అనే ముద్ర పడిపోయింది. అదే మాట చెరుకు ధర విషయంలో చూడండి. 2009 నుంచి కేంద్రం ప్రకటిస్తున్న ఎఫ్‌ఆర్‌పీ అంటే ఫెయిర్ అండ్ రెమ్యునరేటివ్ ప్రైస్. మిల్లు అంతకన్నా తక్కువ ఇవ్వకూడదు. కొనేవాడికి తక్కువగా ఉన్నా, అమ్మేవాడికి గిట్టుబాటుగా ఉన్నా అది ఫెయిర్ ప్రైసే. కనుక ఆప్షన్లలో చీప్ కనిపిస్తే పక్కన పెట్టి, రీజనబుల్ కోసం వెతకండి.

గ్రూప్-1, సివిల్స్ వాళ్లకు పాలిటీలో కూడా ఈ మాట తప్పదు. 1978 మేనకా గాంధీ కేసులో సుప్రీంకోర్టు, రాజ్యాంగం 21వ అధికరణం కింద ఒకరి ప్రాణాన్ని, స్వేచ్ఛను హరించేందుకు అనుసరించే పద్ధతి జస్ట్, ఫెయిర్, రీజనబుల్‌గా ఉండాలంది. పర్యాయపదాలుగా మనం రాసుకున్నవే ఇక్కడ మూడు వేర్వేరు మాటలుగా ఉన్నాయి. ఆన్సర్లో మూడూ రాయాలి, ఒకటి రాసి సరిపెట్టకూడదు. 2013 భూసేకరణ చట్టం పేరులోని ‘ఫెయిర్ కాంపెన్సేషన్’ న్యాయమైన పరిహారం. దాన్ని ‘ఓ మాదిరి పరిహారం’ అనుకుంటే చట్టం ఉద్దేశమే తలకిందులవుతుంది.

ఇక ఎర్రర్ స్పాటింగ్, అంటే వాక్యంలో తప్పు పట్టుకునే ప్రశ్నలు. ‘ఫెయిర్లీ’ క్రియ తర్వాత వస్తే సాధారణంగా ‘న్యాయంగా’, విశేషణం ముందు వస్తే ‘ఓ మోస్తరుగా’. ‘ప్లే ఫెయిర్’లో మాత్రం ఫెయిరే క్రియావిశేషణం, అది తప్పు కాదు. ఫెయిర్లీ, రాదర్ మధ్య తేడా కూడా అడుగుతారు. ‘ఫెయిర్లీ వార్మ్’ అంటే గది హాయిగా వెచ్చగా ఉందని, ‘రాదర్ వార్మ్’ అంటే కాస్త ఉక్కగా ఉందని. ఇది ధోరణే గానీ ఉక్కు నియమం కాదు, ‘రాదర్ గుడ్’ అనీ రాస్తారు. కచ్చితంగా నమ్మదగ్గ నియమం ఒకటుంది: కంపారటివ్ (బెటర్ లాంటి పోలిక రూపం) ముందు, ‘మరీ’ అనే అర్థమున్న ‘టూ’ ముందు ఫెయిర్లీ రాదు. ‘ఫెయిర్లీ బెటర్’ తప్పు, ‘రాదర్ బెటర్’ ఒప్పు. ‘ఎ ఫెయిర్ నంబర్ ఆఫ్’ తర్వాత బహువచన నామవాచకం, బహువచన క్రియ. ‘ఎ ఫెయిర్ అమౌంట్ ఆఫ్’ తర్వాత లెక్కపెట్టలేనివి: టైమ్, మనీ, వర్క్. బస్సు ఛార్జీ అనే ‘ఫేర్’ వేరే స్పెల్లింగు. తిరునాళ్ల లాంటి ‘ఫెయిర్’ అదే స్పెల్లింగుతో లాటిన్ నుంచి వచ్చిన వేరే మాట, ఈ కుటుంబానికి చెందదు.

నోట్సు ఇలా పెట్టుకుంటే మేలు. ఒక విశేషణానికి ఒక పేజీ, మూడు గళ్లు. మొదటి గడిలో పక్కన వచ్చే నామవాచకం, రెండో గడిలో అక్కడి అర్థం తెలుగులో, మూడో గడిలో అక్కడి వ్యతిరేకపదం. మూడో గడిని చాలామంది ఖాళీగా వదిలేస్తారు, కానీ అసలు పరీక్ష అక్కడే. ఫెయిర్ ట్రయల్‌కు బయస్డ్, ఫెయిర్ హెయిర్‌కు డార్క్, ఫెయిర్ వెదర్‌కు స్టార్మీ, ‘బై ఫెయిర్ మీన్స్’కు ఫౌల్. వ్యతిరేకపదం రాయలేకపోయారంటే ఆ అర్థం ఇంకా పట్టుబడలేదన్నమాట. పేజీకి అయిదారు జంటలు చాలు. రోజుకు రెండు పేజీలకు మించి పెట్టుకుంటే తిరిగి చదవడం కుదరదు.

పరీక్ష హాల్లో వాక్యం లేకుండా ఒంటరిగా ఫెయిర్ ఇచ్చి పర్యాయపదం అడిగితే నాలుగు ఆప్షన్లూ చదివాకే అర్థం ఎంచుకోండి, ఆప్షన్లే ఏ అర్థమో చెబుతాయి. ఎస్‌ఎస్‌సీ సీజీఎల్ పరీక్ష రెండో దశ అయిన టైర్-2 ఇంగ్లీషులో ఒప్పుకు 3, తప్పుకు మైనస్ 1. ఏమీ తెలియక గుడ్డిగా పెడితే సగటున మిగిలేది సున్నా. రెండు ఆప్షన్లు తీసేయగలిగితే సగటున ఒక మార్కు లాభం, కాబట్టి అక్కడ వదలకండి.

ఫెయిర్ పేజీ అయ్యాక ఇలాగే పలు అర్థాలున్న సౌండ్, ఫైన్, కీన్, గ్రేవ్, గ్రాస్, లేట్, ప్లెయిన్ పట్టుకోండి. జీఆర్‌ఈ రాసేవాళ్లు వీటికి నైస్, క్వాలిఫైడ్ కలుపుకోవాలి. ‘నైస్ డిస్టింక్షన్’ అంటే సూక్ష్మమైన తేడా, ‘క్వాలిఫైడ్ సపోర్ట్’ అంటే షరతులతో కూడిన మద్దతు.