మంచు కింద పదమూడో శ్లోకం

భోజనానికి ముందు "అహం వైశ్వానరో భూత్వా" చదివే ఇళ్లు మనలో చాలానే ఉన్నాయి. గీతలో పదిహేనో అధ్యాయం, పద్నాలుగో శ్లోకం. ప్రాణుల దేహాల్లో జఠరాగ్నిగా ఉండి, నాలుగు విధాలైన అన్నాన్నీ అరిగిస్తున్నది నేనేనని స్వామి చెప్పిన మాట అది. విస్తరి ముందు కూర్చున్నవాడికి అంతకంటే తగిన శ్లోకం లేదు. అయితే ఆ అన్నం విస్తట్లోకి ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పే శ్లోకం సరిగ్గా దానికి ముందే ఉంది. దాన్ని మాత్రం అందరం దాటేస్తాం.

గామావిశ్య చ భూతాని ధారయామ్యహమోజసా
పుష్ణామి చౌషధీః సర్వాః సోమో భూత్వా రసాత్మకః

భూమిలో ప్రవేశించి నా ఓజస్సుతో సకల భూతాలనూ నిలుపుతున్నాను, రసస్వరూపుడైన చంద్రుడినై ఓషధులన్నిటినీ పోషిస్తున్నాను అని భావం. దీనికి ముందున్న పన్నెండో శ్లోకంలో సూర్యుడిలో, చంద్రుడిలో, అగ్నిలో ఉన్న తేజస్సు తనదేనంటాడు. ఆ మూడింటినీ వరుసగా చదవండి. ముందు ఎండ, తర్వాత మట్టి, మొక్క, చివరికి అన్నం, ఆకలి. ఎండ కంటికి కనిపిస్తుంది. ఆకలి ఎవరూ చెప్పకుండానే తెలుస్తుంది. మధ్యలో మట్టి లోపల జరిగే పని మాత్రం కనిపించదు. కనిపించదు కాబట్టే పదమూడో శ్లోకం మన నోట నలగలేదని నా అనుమానం.

మా ఇల్లు చికాగో శివార్లలో. ఈ శ్లోకాన్ని దాటేయడం ఇక్కడ కష్టం. క్షీరాబ్ది ద్వాదశి నాటికే తులసి కుండీ ఇంట్లోకి వచ్చేసి ఉంటుంది. ఒక్క రాత్రి నేల గడ్డకట్టే చలి పడితే చాలు, తెల్లారేసరికి తులసి నల్లబడిపోతుంది. అందుకని తులసి కల్యాణం కిటికీ పక్కనే జరుగుతుంది. ఉసిరి కొమ్మ దొరకదు కనుక, దుకాణంలో కొన్న ఉసిరికాయ ఒకటి తులసి మొదట్లో ఉంచుతాం. ఇక ఉగాది సంగతి. పంచాంగం వసంతం వచ్చిందని చెబుతుంది, పెరట్లో ఇంకా మంచు ఉంటుంది. అక్కడ మన ఊళ్లలో వేపచెట్టు పూత మీద ఉండే రోజుల్లో, ఇక్కడ పచ్చడిలోకి పొట్లంలో అమ్మే ఎండు వేపపువ్వు వేస్తాం. చేదుకు మాత్రం లోటు లేదు.

అయినా ఈ పెరట్లో మొదట లేచేది ఏదో తెలుసా? వెల్లుల్లి.

అక్టోబరులో రెబ్బలు విడదీసి, మొన పైకి ఉండేలా నాటి, పైన రాలిన ఆకులు మందంగా కప్పుతాం. నేల గడ్డకట్టేలోపు అవి వేళ్లు పట్టుకుంటాయి. తర్వాత నెలల తరబడి అలికిడి ఉండదు. మార్చి ఆఖరులో ఆ ఆకుల కప్పు దగ్గర కూర్చుని చూస్తే ఆశ్చర్యం వేస్తుంది. మొలక ఆకును పక్కకు తోసుకుని రాదు, పొడుచుకునే వస్తుంది. మేపుల్ ఆకు నడిమధ్యన చిన్న చిల్లు, ఆ చిల్లులోంచి రెండంగుళాల పచ్చటి మొన. ఎండిపోయిన ఆ ఆకును మెడలో వేసుకునే మొలక పైకి పోతుంటుంది. వేలితో ఆకు తీయబోతే చిరుగుతుందే తప్ప ఊడిరాదు.

చలి లేకపోతే ఈ వెల్లుల్లికి పాయ కట్టడమే రాదు. చలి సరిగా తగలని రెబ్బ విడివిడి రెబ్బలుగా చీలకుండా ఒకే గుండ్రటి గడ్డగా ఉండిపోతుంది. తులిప్ దుంపలకు పన్నెండు నుంచి పదహారు వారాల చలి కావాలి. చాలా రకాల ఆపిల్ చెట్లు ఏడు డిగ్రీల సెల్సియస్‌కు దిగువన 800 నుంచి 1000 గంటలు గడిపితే గానీ సరిగా పూతకు రావు. మనం పోయిందనుకున్న కాలమంతా లోపల లెక్కకు వస్తూనే ఉందన్నమాట. గామావిశ్య అని స్వామి అన్నది పూలు పూసే నెలల గురించి మాత్రమే కాదని నాకు ఈ పెరట్లోనే పట్టుబడింది.

ఇక్కడో చిన్న తమాషా ఉంది. వెల్లుల్లి నైవేద్యానికి పనికిరాదు. మా పూజగది గడప కూడా తొక్కదు. కానీ శ్లోకంలో ఉన్నది "ఓషధీః సర్వాః". ఓషధులంటే శంకరులు తమ భాష్యంలో వరి, యవలు మొదలైనవి అని రాశారు. ఆ "మొదలైనవి"లో వెల్లుల్లికి చోటు లేదని ఎవరూ అనలేదు కదా. మనం దూరం పెట్టినదాన్ని కూడా ఆయన పోషిస్తూనే ఉన్నాడు. ఆచారం మన వంటింటికి, పోషణ ఆయన ఇంటికి. రెండూ కలిపి గందరగోళపడక్కర్లేదు. నేను ఆచారం మానలేదు, వెల్లుల్లి నాటడమూ మానలేదు.

వసంతం గురించి మాట్లాడేటప్పుడు పదో అధ్యాయంలోని "ఋతూనాం కుసుమాకరః" తప్పకుండా వినిపిస్తుంది. దాని ముందున్న సగం మాత్రం ధనుర్మాసంలో తప్ప ఎవరికీ గుర్తురాదు: "మాసానాం మార్గశీర్షోఽహమ్". హేమంతంలోని నెలనూ, పూల ఋతువునూ ఒకే పంక్తిలో తన విభూతులుగా చెప్పుకున్నాడు. ఒకదాన్ని భరించి రెండోదాన్ని పూజించమని అందులో లేదు.

కరివేపాకు విషయంలోనే చాలామంది తొందరపడతారు. చలికాలమంతా ఇంట్లో హీటరు పొడిగాలికి ఆకులన్నీ రాల్చి, ఫిబ్రవరికి అది పుల్లలా నిలబడుతుంది. పోయిందని చెత్తబుట్టలో వేసినవాళ్లను నేనెరుగుదును. మొదలు దగ్గర గోటితో కాస్త గీరి చూడండి. పైబెరడు గోధుమరంగు, దాని కింద సన్నటి పచ్చ పొర, వేలికి తడి తగులుతుంది. ఆ తడినే గీత రసం అంటోందని నేను అనుకుంటాను. పైకి కట్టె, లోపల సోముడు. గీరినప్పుడు లోపల కూడా ఎండి గోధుమరంగుగా ఉంటే ఇంకాస్త కిందికి వచ్చి మళ్లీ గీరి చూడాలి. అక్కడ పచ్చ కనిపిస్తే అంతవరకు కత్తిరించి, నీళ్లు తగ్గించి, ఎండ తగిలే కిటికీ దగ్గర పెట్టి ఊరుకోవాలి. ఆ ఊరుకోవడమే మనవాళ్లకు కష్టం. బెంగకొద్దీ రోజూ నీళ్లు పోసి వేళ్లు కుళ్లబెడతాం.

మంచు కరిగాక కూడా ఇదే గొడవ. ఎండ రాగానే పార పట్టుకుని పెరట్లోకి దిగాలనిపిస్తుంది. పొద్దున మంచం దిగేముందు మన పెద్దవాళ్లు చదివే శ్లోకం ఒకటుంది.

సముద్రవసనే దేవి పర్వతస్తనమండలే
విష్ణుపత్ని నమస్తుభ్యం పాదస్పర్శం క్షమస్వ మే

సముద్రాన్ని చీరగా కట్టుకున్న తల్లీ, నా పాదం తగులుతున్నందుకు క్షమించు అని. పరుపు మీద కూర్చుని చదివినప్పుడు అది మర్యాదగా అనిపిస్తుంది. మంచు కరిగిన బంకమట్టి ముందు నిలబడి చదివితే, అందులో పని కూడా ఉందని తెలుస్తుంది. నీరు నిండిన నేలను తొక్కితే లోపలి గాలి పోయి మట్టి అట్ట కడుతుంది. ఎండాకాలం అది ఇటుకలా గట్టిపడితే వేరు దిగదు. ఒక్క అడుగుకు ఏడాదంతా ఫలితం ఉంటుంది.

అందుకని ముందు అంచున నిలబడి గుప్పెడు మట్టి తీసి పిసుకుతాను. వేలితో నొక్కితే ముద్ద పొడిపొడిగా విడిపోవాలి. మెత్తగా అణిగి వేలిముద్ర పడితే నేల ఇంకా సిద్ధంగా లేదని అర్థం. ఆ రోజుకు శ్లోకం మాత్రం చదివి, చెయ్యి కడుక్కుని లోపలికి వచ్చేస్తాను. విడిపోయిన రోజున పాలకూర, మెంతులు, కొత్తిమీర చల్లుతాం. బెండ, గోంగూర, వంగనారు, తులసి కుండీ బయటికి వచ్చేది మే రెండో ఆదివారం దాటాకే. ముహూర్తం ఎంత బాగున్నా ఈ ఒక్క విషయంలో ఇక్కడి పాత తోటమాలుల మాటే నాకు పంచాంగం. మన ఏరువాక పున్నమి వచ్చేసరికి మా వెల్లుల్లి పూకాడలు మెలికలు తిరిగి కోతకు వస్తాయి. పచ్చిమిర్చితో కలిపి నూరితే పచ్చడి చాలా బాగుంటుంది.