టార్చి వెలుగులో కొండనాలుక

మా ఈఎన్‌టీ సార్ మొదటి తరగతిలో పుస్తకం తెరవలేదు. తలా ఒక చిన్న టార్చి, ఒక చెక్క బద్ద చేతిలో పెట్టి, పక్కన కూర్చున్నవారి నోట్లోకి చూసి కనిపించింది కనిపించినట్టు రాయమన్నారు. ఐదు నిమిషాల్లో కాగితాలు ఇచ్చేశాము. దాదాపు అందరి కాగితాల మీదా ఒకటే మాట: "నోరు, గొంతు మామూలుగా ఉన్నాయి." ఆయన ఒక్కొక్కటే చదివి బల్ల మీద పెట్టారు.

"మామూలు అనేది మీ అభిప్రాయం. నేను అడిగింది మీ కంటికి కనిపించింది. పై పళ్ళు కింది పళ్ళ మీద ఎలా కూర్చున్నాయి? నాలుక చివర పై పెదవిని అందుకుందా? 'ఆ' అన్నప్పుడు అంగిలి రెండు వైపులా సమానంగా లేచిందా, ఒక పక్కకు లాగిందా? కొండనాలుక ఒకటా, రెండా?"

కొండనాలుక రెండుగా ఉంటుందని మాలో ఎవరూ విని ఉండలేదు. మళ్ళీ టార్చీలు వెలిగించాము.

వినికిడి, వాక్ చికిత్స చదవడానికి వచ్చిన మాకు అప్పటికి ఈఎన్‌టీ అంటే గట్టెక్కితే చాలనుకునే ఒక పేపరు. మేము కత్తి పట్టేవాళ్ళం కాము. వినికిడి కొలిచే ఆడియోమీటర్ తిప్పడం రావాలి, పిల్లల చేత మాట్లాడించడం రావాలి, అంతే కదా అనుకునేవాళ్ళం. రెండో తరగతిలో సార్ మేము అడగకుండానే జవాబు చెప్పారు. "మీకు ఆపరేషన్లు నేర్పడానికి రాలేదు. ఎవరికి ఈ రోజే థెరపీ మొదలుపెట్టాలో, ఎవరిని ముందు మా దగ్గరికి పంపాలో మీరు తేల్చుకోగలగాలి. అది తెలియక పోగొట్టే నెలలు రోగివి." ఇన్నేళ్ళ తరువాత లెక్క చూసుకుంటే, నా వృత్తిలో నేను చేసిన మంచి పనుల్లో చాలావరకు థెరపీ మొదలుపెట్టకుండా ఆగినవే అనిపిస్తుంది.

చెవి పాఠం ఆయన నీళ్ళతో మొదలుపెట్టారు. నీటిలో మునిగినవాడికి ఒడ్డున ఉన్నవాళ్ళ మాటలు ఎందుకు వినిపించవు? గాలిలో వచ్చిన శబ్దం నీటిని తాకి దాదాపు అంతా వెనక్కి పోతుంది. మన లోపలి చెవి నిండా ఉన్నది ద్రవమే. మరి మాట అందులోకి ఎలా దిగుతోంది? కర్ణభేరిలో నిజంగా పనిచేసే భాగం సుమారు 55 చదరపు మిల్లీమీటర్లు. మధ్య చెవిలోని మూడు చిన్న ఎముకల్లో చివరిదైన స్టేపిస్ పాదం 3 చదరపు మిల్లీమీటర్లకు కాస్త ఎక్కువ. అంత వెడల్పు మీద పడ్డ ఒత్తిడి ఇంత చిన్న చోట దిగేసరికి 17 రెట్లు అవుతుంది. ఎముకలు మీటలా పనిచేయడం వల్ల అది మరో 1.3 రెట్లు పెరుగుతుంది. మొత్తం మీద సుమారు 22 రెట్లు. బడిలో కూటకం, దాగలి, కర్ణాంతరాస్థి అని బట్టీ పట్టిన పేర్లు ఆ రోజు నా కళ్ళ ముందు పనిచేయడం మొదలుపెట్టాయి. ఆ తరువాత మధ్య చెవిలో జిగురు నీరు నిండిన పిల్లవాడిని 'మాట వినని పిల్లవాడు' అని ఎవరన్నా నాకు కోపం వచ్చేది. ఇప్పటికీ వస్తుంది.

ట్యూనింగ్ ఫోర్క్ (శ్రుతిదండం) చేతికి ఇచ్చే ముందు ఆయన మా చేత ఒక పని చేయించారు. ఒక చెవిని వేలితో మూసి, పెదవులు కలిపి 'మ్' అని కూనిరాగం తీయమన్నారు. శబ్దం మూసిన చెవిలోకే వెళ్ళింది. చదువుతున్న మీరూ చేసి చూడండి. జర్మన్ శాస్త్రవేత్త వెబర్ 1834లో గమనించి చెప్పిన సంగతి ఇదే. బయటి చెవో, మధ్య చెవో మూసుకుపోతే ఎముక గుండా వచ్చే శబ్దం ఆ చెవిలోనే గట్టిగా వినిపిస్తుంది. లోపలి చెవి, నరం దెబ్బతింటే మంచి చెవివైపు పోతుంది.

ఇది కంఠతా వచ్చాక కూడా నేను తప్పు రాశాను. ఒక నడివయసు ఆవిడ వచ్చారు. చిన్నప్పుడు గవదబిళ్ళలు వచ్చి తగ్గాక కుడి చెవి వినిపించడం లేదట. 512 హెర్ట్జ్ ఫోర్క్ చెవి ముందు పెడితే ఆమెకు వినపడలేదు, చెవి వెనక ఎముక మీద పెడితే వినపడింది. గాలిలో వినికిడినీ ఎముక మీద వినికిడినీ పోల్చే రిన్నే పరీక్ష ప్రకారం మధ్య చెవి లోపం అని రాసేశాను. సార్ నా కాగితం చూసి, "ఏ చెవితో విన్నారు?" అని అడిగారు. నాకు ప్రశ్నే అర్థం కాలేదు. ఆయన ఫోర్క్‌ను ఆమె నుదుటి మీద పెట్టారు. శబ్దం ఎడమవైపు వెళ్ళిందని ఆమె చేయి చూపించారు. లోపం కుడి మధ్య చెవిలో ఉంటే కుడివైపు వెళ్ళాలి. నేను చేసిన పరీక్ష ఒకటి చెబుతోంది, ఇది మరొకటి చెబుతోంది. అప్పుడు చెవిలో గరగర శబ్దం నింపే బరానీ పెట్టెకు కీ ఇచ్చి ఆమె ఎడమ చెవికి ఆనించారు. ఆ గరగర శబ్దంలో మళ్ళీ కుడి చెవి వెనక ఫోర్క్ పెడితే, ఆమె తల అడ్డంగా ఊపారు. ఏమీ లేదు. అంతకుముందు విన్నది ఎడమ చెవి. పుర్రె ఎముక ఒకటే కనుక కుడివైపు పెట్టిన కంపనం అవతలి చెవికి చేరిపోయింది. ఇలా ఒక చెవిని శబ్దంతో కప్పి రెండోదాన్ని పరీక్షించే మాస్కింగ్ గురించి ఆ తరువాత ఎన్ని సూత్రాలు, ఎన్ని గ్రాఫులు చదివినా, అవన్నీ ఆవిడ అడ్డంగా ఊపిన తలకు వివరణలే.

గాలి ఒత్తిడి మార్చి కర్ణభేరి కదలికను గీతగా చూపే టింపనోగ్రామ్ దగ్గరా అంతే. గీత బల్లపరుపుగా వస్తే 'బి' రకం అని రాసి ఊరుకోవడానికి వీల్లేదు. చెవి కాలువ ఘనపరిమాణం ఎంతో రాయకపోతే కాగితం వెనక్కి వచ్చేది. జిగురు నీరున్నా గీత బల్లపరుపే, కర్ణభేరికి రంధ్రమున్నా బల్లపరుపే. మొదటిదానిలో ఘనపరిమాణం మామూలుగా ఉంటుంది, రెండోదానిలో అమాంతం పెరుగుతుంది. కాలువ నిండా గులిమి ఉంటే బాగా తగ్గిపోతుంది. కాబట్టి ముందు ఒటోస్కోప్‌తో చూడాలి. పెద్దవాళ్ళకైతే చెవి డొప్పను పైకి, వెనక్కి లాగాలి, పసిపిల్లలకైతే కిందికి, వెనక్కి. కర్ణభేరి పై భాగంలో రంధ్రం, కొద్దిగానే కారినా భరించలేని వాసన ఉంటే అది ఎముకను తినేసే కొలెస్టియటోమా కావచ్చు. అలాంటి చెవికి వినికిడి యంత్రం కొలతలు తీసుకోవడానికి కూర్చోవడం నేరం అనేవారు. ఆ మాట అన్నప్పుడు ఆయన గొంతు మారేది.

ఇక ముక్కు. నిజానికి ఈ వ్యాసం రాయాలనిపించింది ముక్కు పాఠం కోసమే.

మన వర్ణమాలలో ప్రతి వర్గం చివరా ఒక అక్షరం ఉంటుంది: ఙ, ఞ, ణ, న, మ. సార్ బోర్డు మీద 'ప, బ, మ' రాసి, మూడూ పెదవులు కలిపి పలికేవే కదా, 'బ'కూ 'మ'కూ తేడా ఎక్కడుంది అని అడిగారు. పెదవుల దగ్గర లేదు, అంగిలి వెనక ఉంది. 'బ' అన్నప్పుడు మెత్తని అంగిలి పైకి లేచి ముక్కు దారిని మూస్తుంది. 'మ' అన్నప్పుడు తెరిచి ఉంచుతుంది. ఆ దారిలో అడినాయిడ్లు (ముక్కు వెనక పెరిగే మెత్తని కండ) అడ్డుపడితే 'మ' కాస్తా 'బ' అవుతుంది. అంగిలి అనే తలుపు సరిగా మూసుకోకపోతే 'బ' కాస్తా 'మ' వైపు జారుతుంది. లోకం రెండింటినీ ముక్కుతో మాట్లాడటం అనే అంటుంది. కానీ ఒకదానిలో గాలికి దారి లేదు, రెండోదానిలో దారికి తలుపు లేదు. చికిత్సలు ఎదురెదురు.

ఆఖరి సంవత్సరంలో ఒక ఆరేళ్ళ బాబు వచ్చాడు. ఎప్పుడూ తెరిచిన నోరు, రాత్రంతా గురక, తరచూ చెవిపోటు. అమ్మను "అబ్బ" అని పిలిచేవాడు. అడినాయిడ్లు తీయాలని అప్పటికే నిర్ణయించారు. ఆపరేషన్‌కు ముందు వినికిడి పరీక్ష కోసం మా దగ్గరికి పంపారు. రెండు చెవుల్లోనూ టింపనోగ్రామ్ బల్లపరుపు, ఘనపరిమాణం మామూలే. నా పని అయిపోయింది. అయినా అలవాటు కొద్దీ టార్చి తీసి నోరు తెరవమన్నాను.

కొండనాలుక చివర కలం పాళీలా చీలి ఉంది. చాలా చిన్న చీలిక. వాడు 'ఆ' అన్నప్పుడు మెత్తని అంగిలి నడిమధ్యన నీలంగా, పలచగా ఒక గీత కనిపించింది. నా గుండె గట్టిగా కొట్టుకుంది. పరుగున వెళ్ళి సార్‌ను పిలుచుకొచ్చాను. ఆయన తొడుగు వేసుకుని, బాబుతో రెండు మాటలు మాట్లాడి నవ్వించి, గట్టి అంగిలి వెనక అంచును వేలితో తడిమారు. తరువాత నన్నూ తడమమన్నారు. మామూలుగా అక్కడ చిన్న ఎముక మొన తగలాలి. నా వేలు ఒక నొక్కులోకి దిగింది. పైన పొర ఉంది, కింద కండరం కలవలేదు. కంటికి కనిపించని అంగిలి చీలిక అది.

ఆ బాబు అంగిలి ముక్కు దారిని మూయగలుగుతున్నదంటే వెనక ఉబ్బి ఉన్న అడినాయిడ్లకు ఆనుకునే. అవి మొత్తం తీసేస్తే ఊపిరి బాగుపడుతుంది కానీ, తలుపు ఆనడానికి గోడ ఉండదు. మాటంతా ముక్కులోంచి పోతుంది. సార్ అక్కడే నిలబడి ఆపరేషన్ చేయబోయే డాక్టర్‌తో మాట్లాడారు. ముక్కు దారికి అడ్డుగా ఉన్న పై భాగం మాత్రం తీసి, అంగిలి ఆనే కింది భాగం ఉంచారు. చెవుల్లో నీరు తీసి కర్ణభేరిలో గ్రామెట్లు అనే చిన్న గొట్టాలు పెట్టారు.

ఆరు వారాల తరువాత బాబు మళ్ళీ వచ్చాడు. ముక్కు కింద చల్లని చిన్న అద్దం పట్టి "పాప" అనమన్నాను. అద్దం మీద ఆవిరి పట్టలేదు. మళ్ళీ అనమన్నాను. పట్టలేదు. తరువాత "అమ్మ" అనమన్నాను. అద్దం మసకబారింది. వాళ్ళమ్మగారు అద్దాన్ని చూడలేదు, వాడినే చూస్తున్నారు.

గొంతు పాఠాల్లో నాకు బాగా గుర్తున్నది ఒక దగ్గు. రెండు నెలలుగా గొంతు బొంగురు పోయిందని, వాయిస్ థెరపీ ఇవ్వమని ఒక పెద్దాయన చీటీ తెచ్చారు. గాలి కలిసిన, బలం లేని గొంతు. సార్ ఆయనను దగ్గమన్నారు. దగ్గులో ఉండాల్సిన ఆ మొదటి దెబ్బ లేదు, గాలి జారిపోయింది అంతే. అద్దం పెట్టి చూస్తే ఎడమ స్వరతంత్రి కదలడం లేదు. సార్ గొంతును వదిలేసి ఛాతీ ఎక్స్‌రే రాశారు. స్వరపేటికకు వెళ్ళే ఎడమ నరం ఛాతీలోకి దిగి, బృహద్ధమని వంపు కింద నుంచి చుట్టుకుని పైకి వస్తుంది. దారిలో ఎక్కడ ఏది నొక్కినా గొంతు చెబుతుంది. ఎక్స్‌రేలో ఊపిరితిత్తి పక్కన నీడ కనిపించింది. చీటీలో ఉన్నట్టే ఆయనకు మేము వారానికి రెండు రోజులు స్వరాభ్యాసం చేయించి ఉంటే ఏమయ్యేదో ఆ రాత్రి హాస్టల్‌లో అందరం మాట్లాడుకున్నాం. బొంగురు మూడు వారాలు దాటితే స్వరపేటికను చూడకుండా థెరపీ లేదు. ఈ నియమాన్ని నేను ఎవరి కోసమూ సడలించలేదు.

అద్దాల సాయంతో తన గొంతులో కదులుతున్న స్వరతంత్రులను 1854లో చూసి లోకానికి చెప్పిన మాన్యుయెల్ గార్సియా పాటలు నేర్పే మాస్టారు, వైద్యుడు కాడు. ఈ సంగతి సార్ మాకు చాలాసార్లు చెప్పారు. చూడటం ఒక్క డాక్టర్ల సొత్తు కాదని మాకు ధైర్యం ఇవ్వడానికే అలా చెప్పేవారనుకుంటాను.

డాక్టర్‌కు చీటీ రాయడం కూడా ఆయనే నేర్పారు. రోగ నిర్ధారణ రాయవద్దు, చూసింది, విన్నది, కొలిచింది రాయండి, చివర ఒక ప్రశ్న అడగండి అనేవారు. పోయిన వారం ఒక నాలుగేళ్ళ పాప కోసం నేను రాసిన చీటీ ఇది: "మ, న అక్షరాలు బ, ద లుగా పలుకుతోంది. రెండు చెవుల్లో టింపనోగ్రామ్ బి రకం, ఘనపరిమాణం మామూలు. కొండనాలుక ఒకటే. అంగిలి సమానంగా లేస్తోంది, మధ్యన నీలి గీత లేదు. గట్టి అంగిలి వెనక అంచు తడిమి చూడలేకపోయాను, పాప ఒప్పుకోలేదు. అడినాయిడ్ల ఆపరేషన్‌కు ముందు మీరు ఒకసారి తడిమి చూస్తారా?"