విజయనగరంలో గురజాడ పక్కన మరికొందరు

విజయనగరం సాహిత్యమనగానే మనం గురజాడ దగ్గరే ఆగిపోతాం. 1892లో తొలిసారి ప్రదర్శితమై 1897లో అచ్చయిన ‘కన్యాశుల్కం’ పుట్టిన ఊరు కనుక అది సహజమే. కానీ ఆ వెలుగులో తక్కినవారు కనబడకుండా పోవడం నన్ను నిజంగా బాధిస్తుంది.

గురజాడ కన్నుమూసిన 1915లోనే పుట్టిన చాగంటి సోమయాజులు, అంటే చాసో, జీవితంలో అధికభాగం ఈ ఊళ్లోనే గడిపి, కథలో ఒక్క మాటైనా అదనంగా ఉండకూడదన్నంత పొదుపుతో రాశారు. ‘ఎంపు’ కథలో బిచ్చగాళ్ల ఇంటి పెళ్లి మాటల్ని ఆయన ఎక్కడా జాలి ఒలకబోయకుండా చెప్పిన తీరుకు సాటి రాగల కథలు తెలుగులో చాలా తక్కువని నా నమ్మకం. ఆయన మిత్రులు ‘రుధిరజ్యోతి’ కవి శ్రీరంగం నారాయణబాబు, మహారాజా కళాశాలలో ఇంగ్లీషు బోధించిన రోణంకి అప్పలస్వామి. ఈ ముగ్గురి స్నేహం మీద విడిగా ఒక పుస్తకమే రావాలి.

హరికథా పితామహుడు ఆదిభట్ల నారాయణదాసును సంగీతానికే పరిమితం చేయడం మరో అన్యాయం. 1919లో మొదలైన ఇక్కడి సంగీత కళాశాలకు తొలి అధ్యక్షుడైన ఆయనే, ఒమర్ ఖయ్యాం రుబాయీలను పారసీ మూలం నుంచీ, ఫిట్జెరాల్డ్ ఆంగ్లానువాదం నుంచీ సంస్కృతంలోకీ అచ్చతెనుగులోకీ తెచ్చారు. కోట చూడడానికి వచ్చే విద్యార్థులకు ఈ పేర్లు కూడా చెప్పాలి, ఒక్కొక్కరి రచన ఒక్కటైనా చదివించాలి.