ఉత్తరం దగ్గర

జేన్ ఆస్టెన్ 1813లో వెలువరించిన ‘ప్రైడ్ అండ్ ప్రెజుడిస్’ నవల చదివాకే 2005 నాటి సినిమా చూశాను. నవలలో డార్సీ కథానాయిక ఎలిజబెత్‌కు తన ప్రేమను తొలిసారి వెల్లడించేది ఇంటి లోపల. సినిమాలో మాత్రం జోరువానలో, ఒక మండపం కింద. ఇద్దరి కోపమూ తడిసిన ముఖాల్లో అంత దగ్గరగా కనిపించడం వల్ల ఆ మార్పు నాకు ఎంతో నచ్చింది.

ఆమె కాదన్నాక డార్సీ రాసి ఇచ్చిన ఉత్తరం దగ్గరకు వచ్చేసరికి నా మనసు పుస్తకం వైపే మొగ్గుతుంది. ఎలిజబెత్ దానిని నమ్మకుండానే ఆత్రంగా చదివి, మడిచి పెట్టి, అర నిమిషం గడిచీ గడవకముందే మళ్లీ విప్పి, ఒక్కొక్క వాక్యాన్నీ తూచి చూసుకుంటూ, డార్సీ గురించి తనకు చెడుగా చెప్పిన వికమ్ విషయంలో తానెంత పొరబడిందో గ్రహిస్తుంది. ఆ గ్రహింపుకు ఆస్టెన్ దాదాపు ఒక అధ్యాయాన్ని కేటాయించారు. తెర మీద ఉత్తరం డార్సీ గొంతులో వినిపిస్తుంది గాని, ఆమె మనసు మెల్లమెల్లగా మళ్లే తీరుకు అక్కడ వ్యవధి లేదు. ఆ అధ్యాయం చదివిన ప్రతిసారీ నేను కూడా వెనక్కి వెళ్లి, వికమ్ తొలి మాటలను మళ్లీ చదువుకుంటాను.