యూపీఈ పిన్ను, నాన్న అడిగిన మాట

మొన్న మేడ గది సర్దుతుంటే చిన్న పెట్టెలో నా యూపీఈ పిన్ను కనబడింది. యూపీఈ, అంటే ఉప్సిలాన్-పై-ఎప్సిలాన్, కంప్యూటర్ చదువుల్లో ముందున్న విద్యార్థుల్ని చేర్చుకునే గౌరవ సంఘం. అమెరికాలో ఎమ్మెస్ రెండో ఏడాదిలో ఉండగా మా యూనివర్సిటీలోని దాని శాఖ (చాప్టర్) నుంచి నాకు పిలుపొచ్చింది. ఆ రాత్రే మా ఊరు పర్లాకిమిడికి ఫోన్ చేశాను.

నాన్న అంతా విని, "మంచిదేనమ్మా. అందులో చేరి ఏటి చేస్తావు?" అన్నారు.

మార్కులు చూసి పిలుస్తారని, ఎవరు పడితే వాళ్లు చేరలేరని, సర్టిఫికెట్ ఇస్తారని చెప్పాను. నాన్న అడిగినదానికి అది జవాబు కాదని చెబుతున్నప్పుడే తెలిసింది. ఆయన బట్టల కొట్లో పద్దులు రాసేవారు. రాత్రి ఇంటికొచ్చాక మా వీధి పిల్లల్ని అరుగు మీద కూర్చోబెట్టి, తెలుగువాళ్లకి తెలుగులో, ఒడియావాళ్లకి ఒడియాలో ఎక్కాలు చెప్పేవారు.

పిన్ను పెట్టిన సభ అరగంటలో అయిపోయింది. అసలు పని తర్వాతి బుధవారం మొదలైంది. మా చాప్టర్‌వాళ్లు వారానికో సాయంత్రం మొదటి ఏడాది పిల్లలకి ఉచితంగా ప్రోగ్రామింగ్ చెప్పేవారు. నా దగ్గరికి వచ్చిన మొదటి అమ్మాయికి రికర్షన్, అంటే ఒక కోడ్ ముక్క (ఫంక్షన్) తనని తానే పిలుచుకుంటూ పని చేయడం, ఎంతకీ ఎక్కలేదు. రాసిన ఫంక్షన్ ఆగకుండా తనని తానే పిలుచుకుంటోంది. కొట్లో చీర మడతపెట్టడం గుర్తొచ్చి, నా చున్నీ తీసి చూపించాను. సగానికి మడువు. వచ్చినదాన్ని మళ్లీ అలాగే మడువు. అరచేతిలో పట్టేంత అయ్యాక ఆపు. ఆ "ఆపు" అన్న మాటే ఆమె కోడ్‌లో లేదు. ఆ లైను తనే రాసుకుంది. ఆ రాత్రి నాన్నకి మళ్లీ ఫోన్ చేసి ఈ చున్నీ సంగతి చెప్పాను.

యూపీఈ చరిత్ర కూడా అక్కడే విన్నాను. 1967లో టెక్సాస్ ఏ అండ్ ఎం యూనివర్సిటీలో పుట్టిందట. దాని మొదటి చాప్టర్ ఆల్ఫా 1970లో అక్కడ నడిపిన ప్రోగ్రామింగ్ పోటీయే పెరిగి, 1977లో అట్లాంటాలో మొదటి ఫైనల్స్ జరిగి, ఈనాటి ఐసీపీసీ (కాలేజీ విద్యార్థుల ప్రపంచ ప్రోగ్రామింగ్ పోటీ) అయిందని తెలిసినప్పుడు నాకు ఒళ్లు పులకరించింది. ఎందుకంటే బీటెక్‌లో మేం ప్రాణం పెట్టి ఆడింది ఆ పోటీయే. ముగ్గురు మనుషులు, ఒకటే కంప్యూటర్, ఐదు గంటలు. నేను, గుణుపురం ఒడియా అమ్మాయి, పాతపట్నం నుంచి రోజూ వచ్చిపోయే అబ్బాయి. ఒకరు టైప్ చేస్తుంటే మిగతా ఇద్దరం కాగితం మీద తప్పులు వెతికేవాళ్లం. సగం తెలుగు, సగం ఒడియా. ఒక రౌండ్‌లో కూడిక మొత్తానికి ఇంట్ పెట్టాం. అది ఒక హద్దు దాకానే అంకె పట్టే గది, మా మొత్తం అందులో పట్టలేదు. ఇంకా పెద్ద గది లాంగ్ లాంగ్ అని మార్చేసరికే నాలుగు తప్పు సబ్మిషన్లు, ఒక్కోదానికి 20 నిమిషాల పెనాల్టీ. పై రౌండ్‌కి వెళ్లలేకపోయాం. ఆ టెన్షన్, ఆ దిగులు నాకింకా గుర్తున్నాయి.

ఇప్పుడు పర్లాకిమిడిలోనే ఒక కాలేజీలో పాఠాలు చెబుతున్నాను. మా దగ్గర చాప్టర్ లేదు. శనివారం మధ్యాహ్నం ల్యాబ్ మాత్రం తెరిచి ఉంచుతాను, ముగ్గురికి ఒక కంప్యూటర్ చొప్పున. మార్కులు అడగను. పోయిన వారం గుమ్మ వైపు నుంచి వచ్చిన సవర గిరిజన కుర్రాడు తన జూనియర్‌కి ఆ ఇంట్ సంగతే వాళ్ల సవర భాషలో చెబుతున్నాడు. గిడుగు రామమూర్తిగారు పంతులుగా పనిచేస్తూ సవర నేర్చుకున్న ఊరు ఇది. నాకు ఒక్క ముక్కా రాదు. అయినా ఆ కుర్రాడు గ్లాసులో నీళ్లు అంచుదాకా పోసి, ఇంకొంచెం వంపి బల్ల మీదికి పొర్లించగానే, ఏం చెబుతున్నాడో అర్థమైంది.

బల్ల తుడిచి, ఆ ఉదాహరణ నా నోట్సులో రాసుకున్నాను. వచ్చే శనివారం ఇంకో ఆరుగురు వస్తామన్నారు. రెండు కంప్యూటర్లు ఎక్కువ కావాలని ప్రిన్సిపాల్‌గారికి అర్జీ పెట్టాను.