ఎర్రగా ఉన్న కండరమంతా నిదానం కాదు

ఇంటర్ జువాలజీలో ఎర్ర కండరాలు, తెల్ల కండరాలు అని చదువుకున్న దగ్గర్నుంచి చాలామంది బుర్రలో ఒక లెక్క కుదురుకుపోతుంది. ఎర్రగా ఉంటే నిదానంగా ముడుచుకుంటుంది, అలసిపోదు. తెల్లగా ఉంటే వేగంగా ముడుచుకుంటుంది, త్వరగా అలసిపోతుంది. ఎమ్మెస్సీకి వచ్చిన పిల్లలు కూడా ఇదే చెప్తారు. కోడిని చూస్తే నిజమే అనిపిస్తుంది, పొద్దస్తమానం నడిచే కాళ్ళు కాబట్టి లెగ్ పీస్ ముదురు రంగులో ఉంటుంది, ఎప్పుడో గానీ రెక్క విదల్చదు కాబట్టి బ్రెస్ట్ పీస్ తెల్లగా ఉంటుంది. కానీ పావురం దగ్గరికి వచ్చేసరికి ఈ లెక్క నిలబడదు. దాని రొమ్ము కండరం ముదురు ఎరుపు, చాలా దూరం ఆగకుండా ఎగరగలదు, అయినా ఒక్క సెకనులోనే రెక్కలు ఎన్నోసార్లు కొడుతుంది. నిదానంగా ముడుచుకునే కండరంతో ఆ పని అయ్యేది కాదు.

అసలు ఇక్కడ రెండు వేర్వేరు ప్రశ్నలున్నాయి. తంతువు, అంటే కండరంలోని ఒక్కో పోగు, ఎంత వేగంగా ముడుచుకుంటుంది అనేది ఒకటి, ఇంధనాన్ని ఎలా మండించుకుంటుంది అనేది రెండోది. రంగు రెండోదాని గురించి కొంచెం చెప్తుంది, మొదటిదాని గురించి ఏమీ చెప్పదు. 1873లో రాన్వియే అనే ఫ్రెంచ్ శాస్త్రవేత్త కుందేళ్ళలోనూ, రే చేపల్లోనూ ఎర్ర, తెల్ల కండరాల తేడాలు చూపించాడు. వేగానికి అసలు కారణం మాత్రం 1967లో గానీ స్పష్టం కాలేదు. కండరాన్ని ముడుచుకునేలా చేసే ప్రోటీన్ మయోసిన్, దానికి కావలసిన శక్తినిచ్చే అణువు ఏటీపీ. మయోసిన్ ఏటీపీని ఎంత చురుగ్గా విడగొడితే కండరం అంత వేగంగా కుదించుకుంటుందని బరానీ అనే శాస్త్రవేత్త రకరకాల జంతువుల కండరాలు పోల్చి చూపించాడు. అంటే మైక్రోస్కోపు కింద వేగం చూడాలంటే మయోసిన్ ఏటీపేజ్‌ని, అంటే ఏటీపీని విడగొట్టే దాని ఎంజైమ్ పనిని చూడాలి, కండరం రంగును కాదు.

ఈ ఏటీపేజ్ పని కంటికి కనబడేలా స్టెయిన్ చేసే, అంటే రంగు వేసే పద్ధతి అంటే నాకు ఎప్పటికీ ఆసక్తి తగ్గదు. కండరం ముక్కను ఫార్మలిన్‌లో వేస్తే ఎంజైమ్ పని ఆగిపోతుంది కాబట్టి తాజాగా గడ్డకట్టించాలి. నేరుగా లిక్విడ్ నైట్రోజన్‌లో ముంచితే ముక్క చుట్టూ గ్యాస్ పొర ఏర్పడి చల్లదనం లోపలికి నిదానంగా వెళ్తుంది, మంచు స్ఫటికాలు పెరిగి తంతువుల నిండా చిల్లులు పడతాయి. అందుకే నైట్రోజన్‌తో చల్లబరిచిన ఐసోపెంటేన్‌లో ముంచుతారు. తర్వాత క్రయోస్టాట్‌లో (గడ్డకట్టిన ముక్కను పలచగా కోసే యంత్రం) మైనస్ 20 డిగ్రీల దగ్గర 10 మైక్రాన్ల మందంతో అడ్డంగా కోస్తారు. ఆ సెక్షన్‌ను ఏటీపీ, కాల్షియం కలిపిన 9.4 పీహెచ్ ద్రావణంలో 37 డిగ్రీల దగ్గర ఉంచితే, మయోసిన్ ఏటీపీని విడగొట్టి ఫాస్ఫేట్ వదులుతుంది, దాన్ని అక్కడికక్కడే కాల్షియం పట్టేసుకుంటుంది. ఇంతవరకు స్లైడ్ మీద కంటికి కనిపించేది ఏమీ ఉండదు. తర్వాత కోబాల్ట్ క్లోరైడ్‌లో పెడితే కాల్షియం స్థానంలోకి కోబాల్ట్ వస్తుంది. చివర్లో అమ్మోనియం సల్ఫైడ్. స్లైడ్ అందులో ముంచగానే సెక్షన్ కళ్ళ ముందే నల్లబడుతుంది, కుళ్ళిన కోడిగుడ్డు వాసన వస్తుంది కాబట్టి ఫ్యూమ్ హుడ్ లేకుండా ఈ పని చెయ్యకూడదు. ఆ నలుపు కోబాల్ట్ సల్ఫైడ్. అంటే మనం చూస్తున్నది ఎంజైమ్‌ను కాదు, అది చేసిన పనిని.

ఇక అసలు కిటుకు పీహెచ్‌లో ఉంది. క్షారంలో ముందుగా ఉంచిన సెక్షన్‌లో వేగంగా ముడుచుకునే టైప్ 2 తంతువులు నల్లగా, నిదానంగా ముడుచుకునే టైప్ 1 తంతువులు పాలిపోయి వస్తాయి. అదే ముందుగా 4.3 పీహెచ్ ఆమ్లంలో ఉంచి తీస్తే మొత్తం తిరగబడుతుంది, టైప్ 2 మయోసిన్ చచ్చిపోయి టైప్ 1 నల్లబడుతుంది. 4.6 దగ్గర టైప్ 2 కూడా రెండుగా విడిపోతుంది, 2ఏ పాలిపోతుంది, 2బి మధ్యస్థంగా బూడిద రంగులో నిలుస్తుంది. మనిషి కండరంలో ఈ పద్ధతిని 1970లో బ్రూక్, కైజర్ స్థిరపరిచారు. పీహెచ్ 0.1 అటూ ఇటూ అయినా మూడు రకాలు కాస్తా రెండైపోతాయి, అందుకే పీహెచ్ మీటర్ కాలిబ్రేట్ చెయ్యకుండా మొదలుపెట్టే వాళ్ళను చూస్తే నాకు టెన్షన్ వస్తుంది.

ఇది వేగం సంగతి. ఇంధనం సంగతికి ఎస్‌డీహెచ్ (సక్సినేట్ డీహైడ్రోజినేస్ అనే మైటోకాండ్రియా ఎంజైమ్) స్టెయిన్ చెయ్యాలి. సక్సినేట్ ఇచ్చి, లేత పసుపు రంగు టెట్రజోలియం కలిపితే, మైటోకాండ్రియా ఉన్న చోటల్లా అది నీలంగా మారి కూర్చుంటుంది. పక్కపక్కన కోసిన సెక్షన్లలో ఒకదానికి ఏటీపేజ్, ఇంకోదానికి ఎస్‌డీహెచ్ చేసి, రెండిట్లోనూ అదే తంతువును వెతికి పట్టుకోవాలి. ఒక్క స్లైడ్ చూసి టైప్ రాసేయడం నాకు అస్సలు నచ్చదు. రెండూ కలిపి చదివితేనే మూడు గుంపులు బయటపడతాయి. నిదానంగా ముడుచుకుంటూ ఆక్సిజన్ మీద నడిచేవి, వేగంగా ముడుచుకుంటూ ఆక్సిజన్ మీదే నడిచేవి, వేగంగా ముడుచుకుంటూ గ్లైకోజెన్ (కండరంలో నిల్వ ఉండే పిండిపదార్థం) మీద ఆధారపడేవి. పావురం ఎర్ర తంతువులు ఆ నడిమి గుంపులోవి. ఆ కండరంలో కొవ్వు నిండిన సన్నటి ఎర్ర తంతువులు, గ్లైకోజెన్ నిండిన లావుపాటి తెల్ల తంతువులు కలిసి ఉంటాయని 1950లలోనే బరోడా విశ్వవిద్యాలయంలో జె.సి. జార్జ్, ఆయన విద్యార్థులు చూపించారు. మన దేశంలో జరిగిన ఈ పనిని మన క్లాసుల్లో ఇంత తక్కువగా చెప్పడం నాకు బాధగానే ఉంటుంది.

ఆసుపత్రిలో ఏటీపేజ్ స్టెయిన్ ఇంకో విధంగా పనికొస్తుంది. ఆరోగ్యంగా ఉన్న మనిషి కండరంలో రెండు రకాలూ చదరంగం గళ్ళలా కలగలిసి ఉంటాయి. ఎందుకంటే ఒక నాడీకణం కింద ఉన్న తంతువులన్నీ ఒకే రకం, కానీ అవి ఒక్కచోట ఉండవు, చెల్లాచెదురుగా ఉంటాయి. 1968లో ఎడ్‌స్ట్రోమ్, కుగెల్‌బర్గ్ ఎలుకలో ఒకే ఒక్క నాడీ తంతువును గ్లైకోజెన్ ఖర్చయ్యేదాకా ప్రేరేపించి, పాలిపోయిన తంతువులను లెక్కపెట్టి ఈ సంగతి నిరూపించారు. నరం దెబ్బతిని, పక్క నరం కొమ్మలు వేసి అనాథలైన తంతువులను చేరదీస్తే, అవి కొత్త నరం రకానికి మారిపోతాయి. అప్పుడు ఏటీపేజ్ స్లైడ్‌లో గళ్ళు పోయి, ఒక పక్క అన్నీ నల్లవి, ఇంకో పక్క అన్నీ తెల్లవి గుంపులుగా కనిపిస్తాయి. ల్యాబుల్లో మామూలుగా వేసే హెచ్ అండ్ ఇ (హెమటాక్సిలిన్, ఇయోసిన్) రంగుల స్లైడ్‌లో ఈ గుంపులు కనిపించవు.

ఇప్పుడు యాంటీబాడీలు వచ్చాయి, మయోసిన్ రకాన్ని నేరుగా గుర్తుపడతాయి. వాటివల్లే మనిషి కాళ్ళూ చేతుల కండరాల్లో ఇన్నాళ్ళూ 2బి అని రాసిన తంతువుల్లో ఉన్నది నిజానికి 2ఎక్స్ మయోసిన్ అని 1990లలో తేలింది. ఎలుకలో మాత్రం 2బి నిజంగానే ఉంది. అయినా కుర్రాళ్ళు ముందు ఏటీపేజ్ చేసి చూడాలనే నేనంటాను, యాంటీబాడీ ఆ ప్రోటీన్ ఉందని మాత్రమే చెప్తుంది, అది పని చేస్తోందో లేదో చెప్పదు.

ప్రాజెక్ట్‌కు జంతువు ఏది తీసుకోవాలని అడిగితే నా సలహా చేప. కోడిలో, మనిషిలో రకాలు కలిసిపోయి ఉంటాయి గానీ, శీలావతిని అడ్డంగా కోస్తే పక్కగీత వెంబడి చర్మం కిందే ఎర్ర కండరం ఒక సన్నటి ముదురు పట్టీలా విడిగా కనిపిస్తుంది, మిగతాదంతా తెల్లది. కార్ప్ జాతి చేపల్లో ఈ రెండిటి మధ్యా గులాబీ రంగు పొర ఇంకోటి ఉంటుంది. నెమ్మదిగా ఈదేటప్పుడు ఎర్ర పట్టీ ఒక్కటే పనిచేస్తుంది, వేగం పెరిగేకొద్దీ గులాబీది, చివరికి తెల్లది కలుస్తాయి. ఎక్కడ ఏ రకం ఉందో కత్తితో కోసినప్పుడే తెలిసిపోతుంది కాబట్టి స్టెయిన్ సరిగ్గా వచ్చిందో లేదో పోల్చుకోవడం తేలిక. పీహెచ్ విషయంలో మాత్రం మనిషి కండరానికి రాసిన అంకెలను నమ్ముకోవద్దు, చేప మయోసిన్ వేరుగా స్పందిస్తుంది, 0.1 చొప్పున జరుపుతూ ఆ చేపకు సరిపోయే పీహెచ్‌ను మనమే వెతుక్కోవాలి.